తొమ్మిదింటి దాకా వెలుగు



మనకు వేసవి వచ్చిందంటే బడికి తాళం పడుతుంది. ఏప్రిల్ చివర్లో ఆఖరి గంట కొట్టాక మళ్లీ జూన్‌లోనే తలుపులు తెరుచుకుంటాయి. మధ్యలో ఉన్న రోజులన్నీ అమ్మమ్మగారి ఊరివి, మామిడి తోటలవి, చెరువు గట్లవి. ఇంగ్లండు పిల్లల సంగతి వేరు. అక్కడ చదువుల ఏడాదికి మూడు టర్ములు. సెప్టెంబరులో మొదలై క్రిస్మస్‌కు ముగిసేది ఒకటి, జనవరి నుంచి ఈస్టర్ దాకా ఇంకొకటి, ఏప్రిల్ మూడో వారమో నాలుగో వారమో మొదలై జులై దాకా సాగేది మూడోది. ఈ మూడోదే వేసవి టర్ము. చలి, వాన, సాయంత్రం నాలుగింటికే కమ్ముకునే చీకటి, ఇవన్నీ దాటాక దక్కే మంచి ఎండ రోజుల్లో సగానికి పైగా అక్కడి పిల్లలు బడిలోనే గడుపుతారు.

ఆ బడి బోర్డింగ్ బడి అయితే, ఆ పిల్లవాడికి ఎనిమిదేళ్లే అయితే, ఆ ఎండ రోజులు ఎలా ఉండేవి? ఈ సాయంత్రం మీతో ఆ ముచ్చటే చెప్పాలనుకుంటున్నాను. దూరదేశపు పాత కథ మనకెందుకని అనుకోకండి. మన పిల్లలు ఎంతోమంది ఈ రాత్రి హాస్టల్ మంచాల మీద పడుకోబోతున్నారు. వాళ్లను మనసులో పెట్టుకునే ఈ మాటలు రాసుకున్నాను.

ఇంగ్లండులో సంపన్నుల, అధికారుల కుటుంబాల్లో ఒక పాత ఆచారం ఉండేది. మగపిల్లవాడికి ఏడో ఎనిమిదో ఏడు రాగానే ట్రంకు పెట్టె సర్ది ప్రిపరేటరీ స్కూలుకు పంపేవారు. ప్రెప్ స్కూలని పొట్టిగా పిలుస్తారు. పదమూడేళ్లు వచ్చేదాకా అక్కడే తిండి, అక్కడే పడక. ఆ తర్వాత ఈటన్, వించెస్టర్ లాంటి పెద్ద బోర్డింగ్ బడులకు వెళ్లాలి. ప్రవేశానికి ఇలాంటి బడులు చాలా కలిసి పెట్టుకున్న కామన్ ఎంట్రన్స్ పరీక్ష 1904 నుంచి నడుస్తోంది. పై బడికి వెళ్లే పిల్లలు అది రాసేది ఎక్కువగా ఈ వేసవి టర్ములోనే.

ఈ ఆచారానికి మన దేశంతో గట్టి సంబంధం ఉంది. ఇక్కడ కలెక్టర్లుగా, జడ్జీలుగా, ఇంజనీర్లుగా, పటాలంలో అధికారులుగా ఉన్న తెల్లవాళ్లు తమ బిడ్డలు ఇక్కడి ఎండకూ జబ్బులకూ తట్టుకోలేరని భయపడేవారు. ఇక్కడి నౌకర్ల మధ్య పెరిగితే ఇంగ్లీషు నడవడి అబ్బదన్న దిగులూ ఉండేది. అందుకని ఓడెక్కించి పంపేసేవారు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ప్రయాణం తగ్గింది కాబట్టి ఆ పని ఇంకా సులువైంది. తల్లిదండ్రుల కాపురం రాజమండ్రిలోనో మదరాసులోనో ఉంటే కొడుకు ఇంగ్లండులో ఎక్కడో సముద్రపు ఒడ్డు బడిలో ఉండేవాడు. మధ్యన వారాల తరబడి ప్రయాణం చేసే ఉత్తరం ఒక్కటే దారి. బొంబాయిలో పుట్టిన రడ్యార్డ్ కిప్లింగ్‌ను 1871లో, ఆరేళ్లయినా నిండకముందే, చెల్లెలితో సహా సౌత్‌సీలో డబ్బుకు పిల్లల్ని ఉంచుకునే ఒక ఇంట్లో వదిలి వెళ్లారు. తల్లి మళ్లీ కనబడింది 1877లో. ఆ ఇంటిని ఆయన ముసలితనంలోనూ మరిచిపోలేదు. తన ఆత్మకథలో దాన్ని శిథిలమైన శోకగృహంగానే గుర్తు చేసుకున్నాడు.

ఇప్పుడు వేసవి టర్ములోకి వద్దాం.

ఇంగ్లండు దక్షిణాన జూన్ నెలలో సూర్యుడు దాదాపు రాత్రి తొమ్మిదింబావు దాకా కనిపిస్తాడు. గడియారాలను గంట ముందుకు జరిపే ఏర్పాటు 1916లో మొదలయ్యాక ఇంత వెలుగు రాత్రి పడకవేళలోకి వచ్చింది. చిన్నపిల్లల్ని ఏడున్నరకో ఎనిమిదింటికో పడుకోమంటారు. కిటికీ బయట తెల్లగా పగలు. పెద్ద తరగతుల వాళ్లు ఇంకా మైదానంలో బంతి కొడుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. ఒక పొడుగాటి గదిలో వరసగా ఇనుప మంచాలు, పక్కన చిన్న బీరువా, తలుపు దగ్గర పిల్లల ఆరోగ్యమూ బట్టలూ చూసే మేట్రన్ అడుగుల చప్పుడు. నిద్ర రాని ఆ వెలుగులో పిల్లవాడు ఇంటిని తలుచుకోవడానికి బోలెడంత సమయం ఉండేది.

పగలు మాత్రం వేరే లోకం. మధ్యాహ్నం దాకా లాటిన్, లెక్కలు, చరిత్ర. ఆ తర్వాత క్రికెట్. తెల్లటి ఫ్లానెల్ ప్యాంట్లు, రోలరు లాగి చదును చేసిన పిచ్, అప్పుడే కోసిన గడ్డి వాసన. ఈత కొలను తెరుస్తారు. నీళ్లు ఎముకలు కొరికేంత చల్లగా ఉంటాయి గానీ ఏ పిల్లవాడూ బయట నిలబడడు. మే చివర హాఫ్ టర్మ్ అని కొన్ని రోజుల విరామం. టర్ము చివర ఆటల పోటీల రోజు, బహుమతుల రోజు. ఆ రెండు రోజుల్లో తల్లిదండ్రులు వస్తారు. గడ్డి మీద గుడారాలు, టీ, స్ట్రాబెర్రీలు. బడి తన అందమైన ముఖాన్ని వాళ్లకు చూపించేది అప్పుడే. అది దొంగ ముఖమని నేననను. ఆ అందం నిజమైనదే. దానికి నాకు దొరికిన గట్టి సాక్షి, ఆ బడులను అందరికంటే తీవ్రంగా ఖండించిన మనిషే.

ఆయన జార్జ్ ఆర్వెల్. అసలు పేరు ఎరిక్ బ్లెయిర్. 1903 జూన్ 25న బిహార్‌లోని మోతీహారిలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. ఎనిమిదేళ్ల వయసులో, 1911లో, ఆర్వెల్‌ను ఈస్ట్‌బోర్న్‌లోని సెయింట్ సిప్రియన్స్ అనే ప్రెప్ స్కూల్లో చేర్చారు. 1916 చివరి దాకా అక్కడే ఉన్నాడు. చురుకైన పిల్లవాడు, పెద్ద బడిలో స్కాలర్‌షిప్ సంపాదించి తమ బడికి పేరు తెస్తాడన్న లెక్కతో ఫీజు తగ్గించి తీసుకున్నారు. తరవాత ఆ సంగతి పిల్లవాడి ముఖం మీదే గుర్తు చేసేవారట. చేరిన కొత్తల్లో ఇంటి మీద బెంగతో పక్క తడిపితే గుర్రపు కొరడాతో కొట్టారు. ఈ జ్ఞాపకాలను ఆయన సచ్ సచ్ వర్ ది జాయ్స్ అనే పెద్ద వ్యాసంలో రాశాడు. 1950లో ఆయన పోయాక, 1952లో అది అమెరికాలో అచ్చయింది. ఇంగ్లండులో మాత్రం పరువునష్టం దావా పడుతుందన్న భయంతో 1968 దాకా వెయ్యలేదు. బడి నడిపిన ఆవిడ 1967లో పోయాకే అది అక్కడ బయటికి వచ్చింది. అదే బడిలో చదివినవాళ్లు కొందరు ఆ వ్యాసంలోని చిత్రణను ఒప్పుకోలేదన్నది కూడా చెప్పాలి. బాల్యం ఎవరిది వారిదే. ఒకే డార్మిటరీలో పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్లు కూడా ఒకే బడిలో చదవరు.

అంత కోపంతో రాసిన ఆ వ్యాసంలో కొన్ని పుటలు వెలిగిపోతూ ఉంటాయి. మంచి జ్ఞాపకాలూ ఉన్నాయని ఆర్వెల్ తనే ఒప్పుకుంటాడు. అవి చాలా వరకు వేసవివే. సౌత్ డౌన్స్ గుట్టల మీదుగా నడిచి వెళ్లడం, బీచీ హెడ్ దగ్గర సుద్దరాళ్ల మధ్య ప్రమాదకరంగా ఈతలు కొట్టి ఒంటి నిండా గీతలతో తిరిగి రావడం. వేసవి పొద్దున్నే అందరికంటే ముందు మెలకువ వస్తే, ఎండ పడుతున్న ఆ నిద్రపోయే గదిలో గంటసేపు ఎవరి అడ్డూ లేకుండా థాకరేనో కిప్లింగ్‌నో వెల్స్‌నో చదువుకోవడం. అప్పుడప్పుడు నడివేసవి సాయంత్రాల్లో పిల్లల్ని పడకలకు తోలకుండా తోటలో తిరగనిచ్చి, తొమ్మిదింటికి కొలనులో ఒక మునక వెయ్యనిచ్చేవారట. ఒక మాస్టారు తనకు ఇష్టమైన పిల్లల్ని రైల్లో ఇరవై ముప్పై మైళ్ల అవతలికి తీసుకుపోయి సీతాకోకచిలుకలు పట్టడం నేర్పేవాడు. ఆకుపచ్చ వలలు పట్టుకుని మధ్యాహ్నమంతా పరుగులు, గడ్డి మీద తూనీగలు, చివరికి ఏదో పల్లె హోటల్లో టీ, కేకు ముక్కలు. క్రికెట్ తనకు పెద్దగా రాదంటూనే పద్దెనిమిదేళ్ల దాకా ఆ ఆటను వదల్లేకపోయానని చెప్పుకున్నాడు.

ఈ పుటలను నేను చాలాసార్లు చదివాను. నన్ను కదిలించేది ఒక్కటే. దెబ్బలూ తూనీగలూ ఒకే పిల్లవాడివి, ఒకే వారంలోవి. ఆనందం ఉంది కాబట్టి బాధ అబద్ధమైపోదు, బాధ ఉంది కాబట్టి ఆనందం అబద్ధమైపోదు. పెద్దవాళ్లం ఇక్కడే పొరపాటు పడతాం. పిల్లవాడు నవ్వుతూ ఈదుతున్నాడంటే అంతా బాగుందనుకుంటాం.

వేసవి టర్ము అన్నాక క్రికెట్ గురించి మరికొంత చెప్పకుండా ఉండలేను. అందులోనూ ఈ కథ హజారీబాగ్‌లో పుట్టిన పిల్లవాడిది.

ఆర్థర్ కాలిన్స్. 1885లో పుట్టాడు. తండ్రి ఇండియన్ సివిల్ సర్వీసులో జడ్జీ. 1897లో బ్రిస్టల్‌లోని క్లిఫ్టన్ కాలేజీ అనే బడిలో చేరేనాటికే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. 1899 జూన్ 22 గురువారం నాడు అక్కడ చిన్నవాళ్లకు పెట్టిన హౌస్ మ్యాచ్‌లో, అంటే బడిలోని పిల్లల జట్ల మధ్య ఆటలో, పదమూడేళ్ల కాలిన్స్ క్లార్క్స్ హౌస్ తరఫున ఓపెనింగ్‌కు దిగాడు. ఎదుటి జట్టు నార్త్ టౌన్, అంటే ఊళ్లో ఇళ్ల నుంచి వచ్చి చదువుకునే పిల్లలది. పెద్ద మైదానం కూడా కాదు. ఒకవైపు బౌండరీ మరీ దగ్గర కావడంతో అటు కొడితే రెండే పరుగులు. ఇంకోవైపు నేల వాలుగా దిగిపోతుంది, అటు కొడితే పరిగెత్తి తీసుకోవలసిందే. తరగతులయ్యాక దొరికే కాస్త సమయంలో ఆట. ఆ సాయంత్రానికి కాలిన్స్ రెండు వందలు. మర్నాటికి ఐదు వందలు దాటాడు. ఊరంతా తెలిసి జనం చూడటానికి వచ్చారు, పత్రికల్లో పడింది. ఆదివారం కలుపుకొని మధ్యలో రెండు రోజులు ఆట లేదు. సోమవారం ఇంకొంత, మంగళవారం ఇంకొంత. అవతల పదకొండో బ్యాట్స్‌మన్ అవుటయ్యేసరికి కాలిన్స్ 628 నాటౌట్. జట్టు స్కోరు 836. ఆ 628లో సిక్సరు ఒక్కటే. ఐదులు నాలుగు, ఫోర్లు 31, మూడులు 33, రెండులు 146, సింగిల్స్ 87. ఎన్నిసార్లు పరిగెత్తాడో చూడండి. అది చాలదన్నట్టు బౌలింగ్‌లో పదకొండు వికెట్లు తీశాడు. నార్త్ టౌన్ రెండు ఇన్నింగ్స్‌లో 87, 61 పరుగులకే కుప్పకూలింది. క్లార్క్స్ హౌస్ ఇన్నింగ్స్ 688 పరుగుల తేడాతో గెలిచింది.

ప్రపంచంలో నమోదైన ఆటల్లో అంతకు మించిన వ్యక్తిగత స్కోరు 116 ఏళ్ల పాటు ఎవరూ చెయ్యలేదు. 2016 జనవరిలో ముంబై దగ్గర కళ్యాణ్‌లో ప్రణవ్ ధనవాడే అనే పదిహేనేళ్ల కుర్రవాడు, ఒక ఆటో డ్రైవరు కొడుకు, బడుల మ్యాచ్‌లో 1009 నాటౌట్ కొట్టి ఆ రికార్డు దాటాడు. ఇండియాలో పుట్టిన పిల్లవాడి రికార్డు ఇండియాలోనే మరో పిల్లవాడి చేతికి వచ్చింది. నాకది ఎంతో తృప్తినిచ్చే సంగతి.

కాలిన్స్ తర్వాత రాయల్ ఇంజనీర్స్‌లో అధికారి అయ్యాడు. 1914 నవంబరు 11న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. ఇరవై తొమ్మిదేళ్లు. సమాధి దొరకలేదు, మెనిన్ గేట్ స్మారకం మీద పేరుంది. ఆ జూన్ సాయంత్రాల్లో ఆట ముగిశాక నార్త్ టౌన్ పిల్లలు ఇళ్లకు పోయి ఉంటారు. వాళ్లమ్మలకు ఆ సంగతి చెప్పుకుని ఉంటారు. ఆరు వందల పరుగులు దాటిన పిల్లవాడికి ఆ కబురు చెప్పుకోవడానికి ఇంట్లో అమ్మా లేదు, నాన్నా లేడు. స్కోరుబోర్డు మీద అది రాసి ఉండదు.

ఇలాంటి పిల్లవాడే ఇంకొకడు హైదరాబాద్ వాళ్లకు బాగా తెలిసినవాడు. మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ. 1941 జనవరి 5న భోపాల్‌లో పుట్టాడు. సరిగ్గా పదకొండో పుట్టినరోజు నాడే, 1952 జనవరి 5న, ఢిల్లీలో పోలో ఆడుతూ తండ్రి ఇఫ్తికార్ అలీ ఖాన్ కన్నుమూశాడు. అప్పటికి డెహ్రాడూన్ వెల్హామ్ బడిలో చదువుతున్న ఆ పిల్లవాణ్ని ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని లాకర్స్ పార్క్ ప్రెప్ స్కూలుకు పంపారు. అక్కడ క్రికెట్ నేర్పింది ఫ్రాంక్ వులీ, కెంట్ జట్టుకూ ఇంగ్లండుకూ ఆడిన గొప్ప ఎడమచేతి బ్యాట్స్‌మన్. తండ్రి పోయిన పిల్లవాడికి ఆ ఎండలో, ఆ గడ్డి మీద, అలాంటి గురువు దొరకడం ఎంత మేలు చేసిందో పటౌడీ బ్యాటింగ్ చూసినవాళ్లు చెప్పగలరు. తర్వాత వించెస్టర్, ఆక్స్‌ఫర్డ్. 1961లో హోవ్‌లో కారు ప్రమాదంలో కుడికన్ను చూపు పోయింది. అయినా 1962లో ఇరవై ఒక్కేళ్లకే భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఆ తరవాత ఎన్నో ఏళ్లు రంజీ ట్రోఫీలో ఆడింది మన హైదరాబాద్ జట్టుకే, జైసింహ కెప్టెన్సీలో. ఇంగ్లండు బడిలో గడిచిన వేసవి టర్ముల ఫలాన్ని అలా హైదరాబాద్ మైదానాల్లో మనవాళ్లూ చూశారు. ఈ బడులు ఇచ్చినదాన్ని తక్కువ చెయ్యడం నాకు ఇష్టం లేదు. మంచి మైదానం, మంచి గురువు, రోజుకు రెండు గంటల ఆట, ఇవి ప్రతి పిల్లవాడికీ దక్కాలి. మన బడుల్లో చాలావాటికి ఇవాళ ఆటస్థలమే లేదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంగతి. అది ఆదివారం ఉత్తరం.

ఆ బడుల్లో ఆదివారం ఉదయం పిల్లలందరినీ బల్లల దగ్గర కూర్చోబెట్టి ఇంటికి ఉత్తరం రాయించేవారు. పిల్లల రచయిత రోల్డ్ డాల్ పేరు మీలో చాలామంది విని ఉంటారు. 1925లో తొమ్మిదేళ్ల వయసులో ఆయన్ని వెస్టన్ సూపర్ మేర్‌లోని సెయింట్ పీటర్స్ బడిలో చేర్చారు. ఇల్లు బ్రిస్టల్ చానల్‌కు అవతలి ఒడ్డున, వేల్స్‌లోని లాండాఫ్‌లో. రాత్రిళ్లు ఇల్లు ఎటువైపు ఉందో లెక్కవేసుకుని అటువైపు తిరిగి పడుకునేవాణ్నని, తలకిందులైనా ఇంటికి వీపు పెట్టలేదని బాయ్ అనే పుస్తకంలో రాశాడు. అది 1984లో వచ్చింది. మొదటి టర్ములో బెంగ తట్టుకోలేక కడుపునొప్పి నటించి ఇల్లు చేరాడు. ఇంటి డాక్టరు కనిపెట్టేశాడు గానీ తిట్టలేదు. రెండు మూడు రోజులు ఇంట్లో ఉండనిచ్చి, ధైర్యం చెప్పి పంపించాడు. ఆ డాక్టరంటే నాకు చాలా గౌరవం.

ఉత్తరాల సంగతి కూడా డాల్ ఆ పుస్తకంలోనే చెప్పాడు. పిల్లలు రాస్తుంటే హెడ్‌మాస్టరు బల్లల మధ్య తిరుగుతూ భుజాల మీదుగా తొంగిచూసేవాడు. అక్షరదోషాలు దిద్దడానికని పైకి మాట. అందువల్ల తిండి బాగాలేదనో, చెయ్యని తప్పుకు దెబ్బలు తిన్నాననో ఏ పిల్లవాడూ రాసే సాహసం చెయ్యలేదు. పైగా వెనకాల నిలబడ్డ మనిషిని మెప్పించడానికి బడి అద్భుతంగా ఉందనీ, మాస్టార్లు ఎంతో మంచివాళ్లనీ రాసేవారు. ఆ ఉత్తరాలు చదివిన అమ్మకు నిజం ఎలా తెలుస్తుంది?

వేసవి టర్ములో ఇలాంటి ఉత్తరం రాయడం ఇంకా సులువు. రాయడానికి ఎన్నో ఉంటాయి. మ్యాచ్‌లో ఎన్ని పరుగులు చేశామో, కొలనులో ఎన్ని చుట్లు ఈదామో, ఎవరి సీసాలో ఏ పురుగు ఉందో, ఆటల పోటీల రోజుకు అమ్మ ఏ టోపీ పెట్టుకుని రావాలో. పేజీ ఇట్టే నిండిపోతుంది. అందులో అబద్ధం ఒక్క ముక్క ఉండదు. చెప్పవలసిన ముక్క కూడా ఉండదు. సముద్రాల అవతల ఏ జిల్లా కేంద్రంలోనో పంకా కింద కూర్చుని ఆ ఉత్తరం చదివిన తండ్రి, కొడుకు ముప్ఫై పరుగులు చేశాడని మురిసిపోయి ఉంటాడు. డాల్ తల్లి ఆ ఉత్తరాలన్నీ దాచుకుంది. ఆవిడ 1967లో పోయాకే కొడుక్కి ఆ సంగతి తెలిసింది. 1925 నుంచి 1945 దాకా రాసినవి ఆరు వందలకు పైగా, ఆకుపచ్చ పట్టీలతో కట్టల కింద కట్టి, కవర్లూ స్టాంపులతో సహా ఉన్నాయి. అంత ప్రేమించిన తల్లి ఆవిడ. ఆవిడకు కూడా అప్పట్లో చేరింది హెడ్‌మాస్టరు చూసిన ఉత్తరమే.

ఈ బడుల్లో పిల్లలు పడ్డ కష్టాన్ని ఇంగ్లండు ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. ప్రభుత్వ బడుల్లో బెత్తాన్ని 1987లో నిషేధించారు. ఈ ఖరీదైన ప్రైవేటు బడుల్లో మాత్రం ఇంగ్లండు అంతటా అది చట్టరీత్యా ఆగింది 1999లోనే. జాయ్ షావేరియన్ అనే సైకోథెరపిస్టు చిన్ననాడే ఇల్లు విడిచి బోర్డింగ్ బడుల్లో పెరిగిన పెద్దవాళ్లకు చికిత్స చేస్తూ, వాళ్లలో కనిపించే ఒక తీరును గుర్తించింది. ఎవరినీ దగ్గరికి రానివ్వలేకపోవడం, ఏడుపును లోపలే అణిచేసుకోవడం, అవసరం ఉన్నా సాయం అడగలేకపోవడం. 2011లో ఆవిడ దానికి బోర్డింగ్ స్కూల్ సిండ్రోమ్ అని పేరు పెట్టింది, 2015లో పుస్తకం రాసింది. అందరికీ అలా జరుగుతుందని కాదు. ఎనిమిదేళ్ల వయసులో, ఎవరికీ చెప్పుకునే వీలు లేకుండా గడిపినవాళ్లలో కొందరికి ఆ గాయం యాభై ఏళ్లయినా మానలేదు. ఇవాళ అక్కడి నియమాల ప్రకారం ప్రతి బోర్డింగ్ బడీ ఒక ఏర్పాటు చెయ్యాలి. బడి ఉద్యోగి కాని ఒక పెద్దమనిషి ఎవరో, ఆ మనిషిని ఎలా కలుసుకోవాలో పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. ఏ కష్టమున్నా పిల్లలు నేరుగా ఆ మనిషితో మాట్లాడుకోవచ్చు. వందేళ్ల ఆదివారం ఉత్తరాల నుంచి వాళ్లు నేర్చుకున్న పాఠం ఇదేనని నేననుకుంటాను.

మన దగ్గర బోర్డింగ్ చదువు పుట్టింది వేరే కారణంతో. 1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల తెరిచారు. పల్లెటూళ్ల బీద పిల్లల్లోని చురుకైనవాళ్లకు మంచి చదువు అందించడం దాని ఉద్దేశం. ఆ తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు నవోదయ విద్యాలయాలకు వెనక నిలబడిందీ పి.వి. గారే. ఇంట్లో దీపం కూడా సరిగ్గా లేని ఎన్నో కుటుంబాల పిల్లల్ని ఆ బడులు పైకి తెచ్చాయి. వాటి మీద నాకు ఎంతో గౌరవం. ఇంగ్లండు సంపన్నుల ఆచారాన్నీ వీటినీ ఒకే గాటన కట్టడం తప్పు.

అయితే రాత్రి పదింటికి మంచం మీద పడుకున్న పదేళ్ల పిల్లవాడికి ఆ తేడాలు తెలియవు. మన హాస్టళ్లలో ఆదివారం ఉత్తరాలు లేవు, ఆదివారం ఫోను ఉంది. వరసలో నిలబడాలి. వెనక ఇంకా ముప్ఫైమంది ఉంటారు. పక్కనే వార్డెన్ గారో, ఇంకెవరో పెద్దవాళ్లో కూర్చుని ఉంటారు. ‘బాగున్నావా నాన్నా?’ ‘బాగున్నానమ్మా.’ ‘అన్నం తింటున్నావా?’ ‘తింటున్నా.’ ‘బాగా చదువుకో.’ ‘సరే.’ అయిపోయింది. హెడ్‌మాస్టరు భుజం మీదుగా చూసిన ఉత్తరానికీ ఈ ఫోనుకూ తేడా ఏముంది? కొన్ని ప్రైవేటు కార్పొరేట్ హాస్టళ్లలో ఆటస్థలమూ లేదు, వేసవి సెలవులూ సగం కోచింగ్‌కే పోతున్నాయి. ఆర్వెల్‌కు దెబ్బలతో పాటు తూనీగలైనా దక్కాయి.

అందుకని పిల్లల్ని హాస్టల్లో చేర్చిన తల్లిదండ్రులకు, ఈ జూన్‌లో చేర్చబోయేవాళ్లకు, నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. పిల్లవాడు ఎవరూ వినకుండా మీతో మాట్లాడే ఏర్పాటు ఉందా అని చేర్చేముందే అడగండి. లేదంటే పెట్టమని పట్టుబట్టండి. మీరు ఒక్కరే అడిగితే చెయ్యకపోవచ్చు, పదిమంది తల్లిదండ్రులు కలిసి అడిగితే చేస్తారు. వార్షికోత్సవం రోజునే కాకుండా, ఏ విశేషమూ లేని ఒక మామూలు మంగళవారం వెళ్లి చూడండి. వెళ్లినప్పుడు మార్కుల సంగతి ఆఖరున అడగండి. అన్నం తినేటప్పుడు పక్కన ఎవరు కూర్చుంటారో, రాత్రి నిద్ర ఎలా పడుతుందో, సాయంత్రం ఏ ఆట ఆడతాడో ముందు అడగండి. పక్క తడుపుతున్నాడని హాస్టల్ వాళ్లు చెబితే సిగ్గుపడేలా ఒక్క మాట అనకండి. అది వాడు రాయలేకపోయిన ఉత్తరం. వచ్చేస్తానని ఏడిస్తే, డాల్‌కు వాళ్ల డాక్టరు చేసినట్టు, రెండు రోజులు ఇంట్లో ఉంచుకుని మాట్లాడండి. రెండు రోజుల పాఠాలు పోతే పోతాయి. అప్పటికీ వాడి మనసు కుదుటపడకపోతే తిరిగి తెచ్చేసుకోండి. దాన్ని ఓటమిగా ఎవరన్నా అంటే అననివ్వండి.

పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం మన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. ఆ చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లలు తమంతట తాము ఫోను చేసి కష్టం చెప్పుకోవడానికి 1098 అనే నంబరు ఉంది. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు కట్టనక్కర్లేదు. ట్రంకు పెట్టె సర్దేటప్పుడు ఆ నాలుగు అంకెలు మూత లోపలి వైపు పెద్దగా రాసి, అవి ఎందుకో మీ పిల్లవాడికి చెప్పి పంపించండి.